శనివారం కలిపిన ఎలుకలు

బోరబండలో టీ కొట్టు దగ్గర నన్ను సైంటిస్టు తాత అంటారు. అలా అనిపించుకున్నది నేనే. "మన రొమ్ము ఎముక ఎనక థైమస్ అని చిన్న గ్రంథి ఉంటది. ఎముకల మూలుగల పుట్టిన కణాలు ఆడికొస్తయ్. వాటిని రోగంతోని కొట్లాడే టి-కణాలు చేసి పంపేది నేనే" అనేవాణ్ణి.

"మరి నీ దగ్గు ఎందుకు తగ్గుతలేదే?" అనేవాడు టీ కొట్టాయన.

నిజానికి గచ్చిబౌలిలో ఒక పరిశోధనశాలలో ఎలుకల పెట్టెలు కడిగేవాణ్ణి. ఆ మాటలన్నీ కడప వైపు నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని చెప్పినవి. సరైన సంకేతం అందితేనే కణం టి-కణం అవుతుందట. సొంత ఒంటినే శత్రువనుకునే కణానికి చచ్చిపొమ్మని మరో సంకేతమట. ఒక సంకేతాన్ని మందుతో ఆపి, థైమస్ ఏమవుతుందో చూడడం ఆమె పని. ఆమె డాక్టరేటంతా దాని మీదే ఉంది.

ఒక శనివారం తెల్లాపూర్‌లో పెళ్ళి విందు ఉందని తొందరపడ్డాను. మందు వేసిన మగ ఎలుకలు ఆరు, పెట్టెకొకటి. కడిగే పని తగ్గుతుందని ఆరింటినీ రెండు పెట్టెల్లో కలిపేశాను. పోల్చి చూడడానికి ఉంచిన, మందు వేయనివి పై అరలో ఉన్నాయి, చేయి అందక వదిలేశాను. కొత్త మగ ఎలుకలు ఒకచోట పడితే కరుచుకుంటాయని నాకు తెలుసు. సోమవారం చెవి నంబర్లు చూసి విడదీశాను. తోకల మీద గాట్లు చూసీ నోరు మెదపలేదు.

ఆ వారమే ఆమె కోసి చూసింది. ఆరు థైమస్‌లూ చిక్కిపోయి ఉన్నాయి. "మందు పని చేసింది తాతా!" అంటూ నా చేతిలో మైసూర్‌పాక్ పెట్టింది. తిన్నాను.

మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. మూడోసారీ రాలేదు. పరిశోధనశాల పెద్దసారు గదిలోంచి ఆమె ఏడుస్తూ వచ్చింది. "నా చేతిలోనే ఏదో తప్పుంది తాతా. వదిలేసి ఊరికి పోతా."

అప్పుడు చెప్పాను, ఆ శనివారం ఎలుకల్ని కలిపేశానని.

"భయపడినా, కొట్లాడినా థైమస్ చిక్కిపోతాదని నీకు చెప్పినా గదా! ఎన్నింటిని కలిపినావు?"

"నాలుగే, బిడ్డా."

అన్నీ పెంచి చెప్పే నా నోరు ఆ ఒక్కటి తగ్గించింది. ఆమె నేను చెప్పిన నాలుగు నంబర్లను లెక్కలోంచి కొట్టేసి, మిగిలిన రెండింటినీ నమ్ముకుని మరో మూడు నెలలు కష్టపడింది. అప్పటికిగాని "ఆరు" అన్న మాట నా నోట రాలేదు.

ఆమె అరవలేదు. ఎలుకల గది తాళంచెవి అడిగి తీసుకుంది. ఇప్పుడు తన పెట్టెలు తనే కడుక్కుంటోంది. నేను వరండా తుడుస్తున్నాను.