నిలువెత్తు మీద పిడికెడు

బోర్డు మీది గుడ్డ లాగి, చప్పట్లు అందుకుని లోపలికి అడుగుపెట్టబోయిన చైర్మన్‌గారి నుదురు గుమ్మం పైకమ్మికి తగిలింది. ఠంగుమంది. వెనకవరస వాళ్ళు ఇది కూడా కార్యక్రమంలోదేననుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

మా ఊళ్ళో మొట్టమొదటి ఇల్లు అది. తుప్పలు తప్ప ఏమీ లేనప్పుడు వచ్చి కట్టినవాడు, ఇప్పుడా ఇంట్లో ఉంటున్న తాపీమామ్మ తాత. టేపు లేదు, రసమట్టం లేదు. గోడలకు మూర కొలత. గుమ్మానికి తనే గోడకానుకుని నిలబడి, నెత్తిన పిడికిలి పెట్టి, "ఇంతే" అన్నాడట. మనిషి పొట్టి. మామ్మా అంతే. డెబ్భై దాటినా నిచ్చెనెక్కి ఆ గోడలకు తనే సున్నం వేస్తుంది.

బోర్డు మీద మాత్రం, నిర్మించినవారు చైర్మన్‌గారి ముత్తాత అని ఉంది. ఆయన పదేళ్ళ తర్వాత ఊళ్ళోకొచ్చి, ఆ వసారాలో రెండు వానాకాలాలు తలదాచుకున్న మనిషి. ఆ అక్షరాలు రాసింది నేనే. ఇచ్చిన కాగితం చూసి రాశాను. వంకర పోలేదని మురిసిపోయాను కూడా.

మామ్మ వారం ముందే నా కొట్టుకొచ్చి చూసింది. "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయిరా. అబద్ధాన్ని ఇంత అందంగా రాయమని నీకెవడు చెప్పాడు?" అంది. నా కుంచె లాక్కుని వీధిలోకి గిరాటేసింది. ఏరుకోవడానికి కూడా మొహం చెల్లలేదు నాకు.

అక్కణ్ణుంచి, బోర్డు మీద పేరు మార్చమని చైర్మన్‌గారి ఆఫీసుకెళ్ళింది. మూడుసార్లు. గుమాస్తా మూడుసార్లూ ఒకటే పాట: "కాగితం ఉందా మామ్మా?"

"మా తాతకి రాయడం రాదు నాయనా, కట్టడమొచ్చు. గోడ ఊడబెరికి తెచ్చి నీ బల్లమీద పెట్టనా?"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో సగంమంది పాతిళ్ళు ఆ తాత చేతిమీద లేచినవే.

ఇక బోర్డు మీది గుడ్డ లాగే ముందు చైర్మన్‌గారు ఉపన్యాసం దంచారు. "మా ముత్తాత ఆరడుగుల మనిషి! అచ్చం నాలాగే!" మామ్మ గుమ్మం పక్కన చేతులు కట్టుకుని, పళ్ళు బిగించి వింది. తర్వాతే ఆ ఠంగు.

ఆయన బొప్పి తడుముకుంటూ, పక్కనే ఉన్న బోర్డు సంగతి మరిచి, మామ్మ మీద విరుచుకుపడ్డారు. "ఇదేం గుమ్మం! మనిషి తల పట్టొద్దూ?"

మామ్మ ఆయన్ని నుదుటి నుంచి చెప్పులదాకా ఓసారి కొలిచి చూసింది.

"కట్టినవాడికి ఏనాడూ తగల్లేదు బాబూ."