వానలున్నప్పుడే వెళ్ళండి

పొద్దుటి నుంచి పక్క స్థలంలో బోరు వేస్తున్నారు. కిటికీ మూసినా బూడిదరంగు రాతిపొడి లోపలికి వస్తూనే ఉంది. కాగితాల మీద, కాఫీ గ్లాసు మీద, చివరికి నాలుక మీద కూడా అదే. నీళ్ళు పడ్డాయా అని అడగడానికి వీధిలో ఎవరికీ ధైర్యం చాలడం లేదు. కొన్నేళ్ళ కిందట మా ఓబులేసు సార్ ఒక వాక్యం రాసిన సాయంత్రం కూడా ఆఫీసు వెనక ఇలాగే బోరు వేస్తున్నారు. ఆ ఆదివారం అది మా పత్రిక అనంతపురం ఎడిషన్‌లో, శ్రీలంక వెళ్ళేవారికి సూచనల కింద అచ్చయింది: "మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా నైరుతి తీరంలో బాగా వానలు పడతాయి. వానలున్నప్పుడే వెళ్ళండి." ఆ వాక్యం వల్ల ఆయన తన పేజీని పోగొట్టుకున్నారు. అది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

సార్ మా డెస్కుకు పెద్ద. మడకశిర వైపు పల్లె మనిషి. టీ కొట్టాయనతో కన్నడంలో, మాతో తెలుగులో మాట్లాడేవారు; మేనేజరుతో వీలైనంతవరకూ మాట్లాడేవారు కాదు. ఆదివారం వచ్చే యాత్రల పేజీ ఆయనది. తాను మాత్రం ఏ దేశమూ పోలేదు. కొత్తగా చేరిన నేను ఇంగ్లీషులో వచ్చిన సమాచారాన్ని తెలుగు చేసి ఇస్తే, ఒక్కో వాక్యం దగ్గరా ఆగి ఒకటే ప్రశ్న అడిగేవారు: "ఇది చదివి మనోడు ఏం చేస్తాడప్పా?" బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదని రాశాను. "మరి ఎట్ల దిగల్ల? అది చెప్పకుంటే ఆడ పోయి బిక్కమొగం యేసుకొని నిలబడతాడు" అన్నారు. గుళ్ళలో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలని రాస్తే, "పంచె కట్టినోడు దిగులు పడతాడు. పంచె చాలని రాయి" అన్నారు. మొదట్లో విసుగొచ్చేది. కొన్నాళ్ళకు ఆయన పక్కన లేనప్పుడు కూడా ఆ ప్రశ్న వినిపించడం మొదలైంది.

ఆ సాయంత్రం నేను రాసిచ్చిన వాక్యం వేరు. ఆ నెలల్లో నైరుతి తీరానికి పోకపోవడం మంచిదని, వానలు విహారాన్ని పాడుచేస్తాయని రాశాను. సార్ కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"వాన పాడు చేస్తాదా? ఏం పాడు చేస్తాది?"

"తిరగడం కష్టం సార్. తిమింగలాలను చూపించే పడవలు ఆపేస్తారు. అదే సమయంలో తూర్పు తీరం ఎండగా ఉంటుందట, అటు పోవచ్చు."

"అంత చిన్న దీవిలో ఒక పక్క వాన, ఒక పక్క ఎండనా?" అన్నారు. "మాకూ అంతేలే. మా చేన్లో పడితే పక్కోని చేన్లో పడదు." మళ్ళీ కాగితం అందుకున్నారు. "చూడప్పా, వాన పడతాది, ఆడికి పోవద్దని మన జిల్లా పేపర్లో యేస్తే, పొద్దున్నే చదివినోడు మన మొగాన ఊంచుతాడు."

ఆయన కలం నా వాక్యాన్ని కొట్టేసి ఆ కొత్త వాక్యం రాసింది. పడవల సంగతి పోయింది. నేను పట్టుబట్టలేదు. నిజం చెప్పాలంటే, వెనక బోరు మోతలో ఆయన మాటే సబబుగా తోచింది.

గోరంట్లలో విత్తనాల అంగడి నడిపే మద్దిలేటి ఆ పేజీ చదివి, విత్తనం పనులు ఊపందుకునే లోపే భార్య లక్ష్మీదేవమ్మను తీసుకుని శ్రీలంక పోయి వచ్చాడు. వచ్చీ రాగానే ఇద్దరూ మా ఆఫీసు మెట్లెక్కారు.

"ఎవరు సార్ రాసింది? తిమింగలం చూపిస్తానని ఈమెకు మాటిచ్చి పిల్చుకోని పోయినా. పడవే లేదు. రూములో కూసొని వాన చూసి వచ్చినాం. వాన చూసేకి అంత దూరం పోవల్లనా?"

"మరి ఈడ యాడ చూస్తావప్పా?" అన్నారు సార్.

లక్ష్మీదేవమ్మ కిసుక్కున నవ్వింది. దాంతో మద్దిలేటికి ఇంకా మండింది. "నవ్వు, నవ్వు! ఏం చేసిందో అడుగు సార్. బాత్రూములో బకెట్, మగ్గు, ఆఖరికి చెత్తబుట్ట కూడా కడిగి బాల్కనీలో చూరు కింద పెట్టింది. హోటలోళ్ళు వచ్చి పారబోస్తారు, ఈమె మళ్ళా పెడతాది. నా మానం పోయింది!"

"ఊరికే పోతాంటే చూస్తా కూసోమంటావా?" అందామె. తర్వాత సార్ వైపు తిరిగింది. "వాన బాగనే ఉండె సార్. కండ్లు చాల్లే. కానీ రేయంతా ఆ నీళ్ళు మోరీలో పడి సముద్రంలోకి పోయే సద్దు. నిద్దర పట్టలే. మనకు విత్తేకి ఒక్క పదును వాన పడింటే చాలు కదా అని ఏడుపొచ్చె."

సార్ దగ్గర దేనికైనా వెంటనే జవాబుండేది. ఆ రోజు మాత్రం ఆమె ముఖంలోకి చూసి ఆమెనే అడిగారు: "అయితే వానలో పోమని రాయల్లనా, వద్దనా అమ్మా?"

"నాకేం తెలుస్తాది సార్? రాసేటోళ్ళు మీరు."

మద్దిలేటి అక్కడితో వదల్లేదు, మేనేజరు గదిలోకి పోయాడు. వచ్చే ఆదివారం 'వానాకాలంలో వెళ్ళకండి' అని సవరణ వేయాలని, లేకపోతే పేజీ చేతులు మారుతుందని మేనేజరు తేల్చి చెప్పాడు. సార్ సవరణ రాయడానికి కూర్చున్నారు. రాస్తారు, కొట్టేస్తారు. 'వెళ్ళకండి' దాకా వచ్చి కలం ఆగిపోతుంది. 'వెళ్ళండి' అందామంటే లక్ష్మీదేవమ్మ ముఖం అడ్డం వస్తుంది. చివరికి అచ్చుకు పోయింది ఇంతే: "ఈ నెలల్లో నైరుతి తీరంలో వానలు పడతాయి. పడవలు నడవవు."

"ఇది సవరణా?" అన్నాడు మేనేజరు. ఆ తర్వాతి వారం నుంచి యాత్రల పేజీ హెడ్డాఫీసులోనే తయారై రావడం మొదలైంది. సార్ రిటైరయ్యేదాకా మండలాల వార్తలు దిద్దారు. ఆయన చనిపోయే ముందు ఒకసారి కలిసినప్పుడు, ఆ సవరణ అలా ఎందుకు రాశారని అడిగాను. "ఆయమ్మ మొగం చూసినాక నాకు ఏదీ తోచలేదప్పా. తోచిందే రాసినా" అన్నారు. అది జవాబు అనిపించలేదు. ఇంకోసారి అడగడానికి ఆయన లేరు.

ఇప్పుడు యాత్రికుల సమాచారం నేనే రాస్తున్నాను. ఏది రాసినా మనోడు ఏం చేస్తాడని నన్ను నేనే అడుగుతాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను కానీ, పొమ్మనీ వద్దనీ చెప్పాల్సిన చోటుకు రాగానే నా చెయ్యీ ఆగుతుంది. ఇది ఆయన నేర్పిన నిజాయితీయో, ఆయన నుంచి అంటిన తికమకో చెప్పలేను. కిందటి నెల రాయదుర్గం నుంచి జీన్స్ కుట్టే ఒకావిడ ఫోన్ చేసింది. తోటివాళ్ళతో కలిసి జూలైలో శ్రీలంక పోవాలనుకుంటున్నారట. వానలుంటాయని, పడవలు నడవవని చెప్పాను.

"అది మీరు రాసిందాంట్లోనే ఉండాది కదన్నా. పోవల్లనా, వద్దా? అది చెప్పు."

రేపు చెబుతానన్నాను. ఆమె మళ్ళీ ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. వాళ్ళు టికెట్లు తీశారో లేదో నాకు తెలియదు.