హ్యారీ పెట్టని సంతకం

నిన్న సాయంత్రం స్టోర్ పార్కింగ్‌లో సామాన్లు సర్దుకుంటుంటే హ్యారీ కూతురు ఫోన్ చేసింది. నాన్న పోయారని చెప్పింది.

కార్ ట్రంక్ తెరిచి అలాగే నిలబడిపోయాను.

తొంభై ఆరేళ్ల మనిషి. అయినా ఈయన పోతారని నేనెప్పుడూ అనుకోలేదు.

ట్రాయ్‌లో మా పాత బ్యాచ్‌కి ఆయన ప్లాంట్‌లో టూల్ రూమ్ హ్యారీ. ఈ దేశం వచ్చాక నా ఫస్ట్ జాబ్‌లో నాకు పని నేర్పిన పెద్దమనిషి.

మీలో చాలామందికి తెలియనిది ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ ప్రొఫెషనల్ ప్లేయర్.

వారమంతా బొగ్గు గనిలో పని, శనివారం మ్యాచ్. ఒకసారి షిఫ్ట్ లేటయితే మొహం మాత్రం కడుక్కుని గ్రౌండ్‌లోకి దిగారట. చెవుల నిండా బొగ్గే. ఆటలో ముక్కు పగిలింది. అయినా బయటికి రాలేదు, గెలిచారు. ఆ వంకర ముక్కు చూపించి మరీ చెప్పేవారు.

డెబ్బైల చివర్లో ఇక్కడి ఒక రగ్బీ క్లబ్ కుర్రాళ్లకి ఫ్రీగా కోచింగ్ ఇచ్చేవారు. శనివారాలు నేనూ వెళ్లేవాణ్ణి.

ఓ రోజు కమిటీ మనిషి వచ్చి, కోచ్ ఎవరని నన్నడిగాడు. నా నోరు ఊరుకోదు కదా. ఇంగ్లండ్‌లో డబ్బులిచ్చి మరీ ఆడించుకున్న ప్లేయర్ అని గొప్పగా చెప్పేశాను. మనవాడి గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పడం మనకి అలవాటు.

ఆ మనిషి మొహం మారిపోయింది.

నాకేం తెలుసు? వీళ్లది వేరే రకం రగ్బీ, పైసా తీసుకోకుండా ఆడేది. రగ్బీ లీగ్‌లో డబ్బు తీసుకున్నవాణ్ణి అప్పట్లో జన్మలో దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

వారంలో క్లబ్ నుంచి హ్యారీకి లెటర్ వచ్చింది. ఎప్పుడూ డబ్బు తీసుకుని ఆడలేదని సంతకం పెడితే కోచ్‌గా ఉండొచ్చు. లేదంటే లేదు.

పెట్టేయండి, ఇక్కడెవరు చెక్ చేస్తారు, తప్పు నాది అని బతిమాలాను.

"ఏడేళ్లు ఒళ్లు హూనం చేసుకుని ఆడాను. ఆడలేదని నా చేత్తో నేనే రాయాలా?" అన్నారు.

విజిల్ క్లబ్‌లో ఇచ్చేసి వచ్చేశారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పై శనివారం ఇద్దరం పార్క్‌లో వాకింగ్‌కి వెళ్తే టీమ్ మొత్తం అక్కడ నిలబడి ఉంది.

పార్క్‌కి కమిటీ లేదు.

ఎనభైల్లో చాలా ఏళ్లు అక్కడే నేర్పారు. వాళ్లు ఓసారి కప్ కూడా కొట్టారు. గ్రౌండ్‌లో టీమ్‌కి ఫోటో తీస్తుంటే ఆయన బయట నా పక్కన కూర్చుని ఫ్లాస్క్‌లో టీ తాగుతున్నారు. కళ్లల్లో ఎంత గర్వమో.

ఆ తర్వాత ఎవరి ముందూ ఆయన ఆట గురించి నేను నోరు విప్పలేదు. భయం.

ఇవాళ చెబుతున్నాను. మా హ్యారీ ప్రొఫెషనల్. డబ్బు తీసుకునే ఆడారు. ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి.

వెళ్లి రండి హ్యారీ. ఇక హాయిగా నిద్రపోండి.