పెళ్ళికి కొన్న మెరూన్ కఫ్తాన్

నైటీల్లా వదులుగా ఉండే కఫ్తాన్లు కొనడంలో నాకున్నంత అనుభవం మా యాప్రాల్ అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ లేదు. లిఫ్టులో కనబడితే చాలు, ఆడవాళ్ళు ఆపి అడిగేవారు, ఇంట్లోకి ఏది బాగుంటుంది, ఫంక్షన్‌కు ఏది వేసుకోవాలి అని. నేనూ దాచుకోకుండా చెప్పేదాన్ని. ఇంట్లోకైతే ముదురు రంగు కాటన్, పెద్ద పువ్వులది తీసుకోండి. జార్జెట్ జోలికి పోకండి, లోపలిదంతా కనిపిస్తుంది. రేయాన్ వీపుకు అంటుకుంటుంది. కాలరున్నది కొంటే ఆఫీసుకు కూడా పనికొస్తుంది. వాళ్ళు ఇవన్నీ ఫోన్లో రాసుకునేవారు. నాకు బట్టల పిచ్చి అనుకునేవారు.

నా భర్త నన్ను కొట్టేవాడు. అసలు సంగతి అది. ముదురు రంగు మీద దెబ్బకు పూసుకున్న మందు మరక కనబడదు. జార్జెట్‌లోంచి కమిలిన చోటు కనబడుతుంది. బెల్టు వాత చితికిన చోట రేయాన్ అంటుకుందంటే విప్పేటప్పుడు ప్రాణం పోతుంది. ఇక కాలరు ఎందుకంటే, ఒకసారి గొంతు పట్టుకున్నాడు. నాలుగు వేళ్ళు ఒక పక్క, బొటనవేలు ఒక పక్క అచ్చు పడ్డాయి. వారం రోజులు ఆ కాలరు కఫ్తానే వేసుకుని తిరిగాను.

ఏడేళ్ళ కాపురంలో ముఖం మీద మాత్రం ఒక్కసారి కూడా కొట్టలేదు. కోపంలో ఒళ్ళు తెలియదంటారే, ఒట్టి అబద్ధం. ఈయన ఒళ్ళు బాగా తెలిసే కొట్టేవాడు. మోచేతికి పైన, వీపు మీద, తొడల మీద. కొట్టాక చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, టీవీ పెట్టుకునేవాడు. "బయట ఎవరికన్న తెలిసిందనుకో, అప్పుడు నీ ముఖమే పగుల్తది," అని మొదట్లోనే చెప్పి ఉంచాడు. నేను నమ్మాను. కొట్టడం ఆయన పని, దాచడం నా పని అయిపోయింది. నా పని నేను ఎంత శ్రద్ధగా చేశానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట పుడుతుంది.

మా ఆడపడుచు కూతురి పెళ్ళి వచ్చింది. కాప్రాలో ఫంక్షన్ హాలు, పొద్దుటి ముహూర్తం. సరిగ్గా నాలుగు రోజుల ముందు, నేను ఎదురు చెప్పానని చపాతీ కర్ర తీసుకుని కుడి భుజం నుంచి మోచేతి దాకా కొట్టాడు. కర్ర విరిగింది. విరిగినందుకు ఇంకో రెండు పడ్డాయి. మర్నాటికి చెయ్యంతా వంకాయ రంగు తిరిగింది.

అత్తగారు ఫోన్ చేసి, "ఇంటి కోడలివి, పట్టుచీరె కట్టాలె," అన్నారు. చీర కడితే నా జాకెట్టు చేతులు మోచేతి పైనే ఆగిపోతాయి. పొడుగు చేతుల జాకెట్టు కుట్టించాలంటే టైలరమ్మ చేతికి టేపు చుడుతుంది. అది కుదరదు. అందుకని పెళ్ళికి తగ్గ కఫ్తాన్ కోసం సికింద్రాబాద్ బజారుకు వెళ్ళాను.

అక్కడ నేనెప్పుడూ కొనే దుకాణం ఒకటుంది. దాన్ని నడిపే ముస్లిం ఆవిడకు యాభై దాటి ఉంటాయి. అక్కా అన్నట్టు ఆపా అని పిలుస్తాను. "శాదీకి అంటున్నవ్ గదా, గిది ఏసుకో," అని మెరూన్ రంగుది తీసింది. పట్టులా బరువైన గుడ్డ, ఛాతీ మీద జరీ పని, మణికట్టు దాకా వెడల్పాటి చేతులు. అద్దంలో చూసుకుంటే నిజంగానే పెళ్ళికళ ఉంది.

"జెర చెయ్యెత్తి చూడు బేటా, చంకల కాడ పట్టేస్తదేమో," అంది ఆపా.

చెయ్యెత్తితే నొప్పి ముఖంలో కనబడిపోతుంది. ఎత్తలేదు. "సరిపోయింది ఆపా, ప్యాక్ చెయ్," అన్నాను.

ఆమె నా చేతి వంక చూసింది. "ఏమన్న తక్లీఫ్ ఉందా?"

"బాత్రూంల జారి పడ్డ," అన్నాను. ఆమె కఫ్తాన్‌ను మెల్లగా మడత పెట్టి సంచిలో వేసింది.

పెళ్ళిలో నన్ను చూడగానే అత్తగారు మూతి ముడిచారు. "పెండ్లికి మ్యాక్సీ ఏసుకొచ్చినవేందీ?" మిగతావాళ్ళు మాత్రం బాగుంది, ఎక్కడ కొన్నావని చుట్టూ చేరారు. నా భర్త పక్కనే నిలబడి, "మా ఆవిడ సెలక్షన్ అట్లుంటది," అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా నేనూ నవ్వాను.

జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి మేళం జోరందుకుంది. అందరితోపాటు మేమూ లేచి నిలబడ్డాం. పిల్ల చల్లగా ఉండాలని మనసారా అనుకుంటూ, గుప్పిట్లో అక్షింతలతో, నొప్పి ఓర్చుకుని నేనూ కుడిచెయ్యి ఎత్తాను. కఫ్తాన్ చేతికి గుండీ ఉండదు, పట్టీ ఉండదు. బరువైన గుడ్డ సర్రున భుజం దాకా జారింది. ఇన్ని కఫ్తాన్లు కొన్నదాన్ని, ఒక్కసారైనా అద్దం ముందు చెయ్యెత్తి చూసుకోలేదు.

వెనక వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. అత్తగారు తిరిగి చూశారు. చెయ్యి చూశారు, తర్వాత కొడుకు వైపు చూశారు. గుడ్డ పట్టుకుని కిందికి లాగి, "అక్షింతలు పడ్డయ్, ఇగ కూసో," అన్నారు. ఏమైందని అడగలేదు. ఆమెకు అడగాల్సిన పని లేదని అప్పుడు తెలిసింది. చపాతీ కర్ర దెబ్బలకు ఏడవని దాన్ని, దానికి ఏడ్చాను.

జనం భోజనాలకు కదిలారు. నేను మంచినీళ్ళు పట్టుకుంటుంటే ఆయన వచ్చాడు. నలుగురికీ కనబడేలా నవ్వుతూనే, కమిలిన చోట బొటనవేలు పెట్టి ఎముక దాకా నొక్కాడు. కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఇంటికి పా. ఇయ్యాల నీ ముఖం సంగతి చూస్త," అన్నాడు చెవిలో.

ముఖానికి కఫ్తాన్ దొరకదు. భయమేసింది. ఆ భయంలోంచే ఎక్కడ లేని కోపం తన్నుకొచ్చింది. చేతిలో స్టీలు గ్లాసుంది. బలమంతా పెట్టి ముక్కు మీద కొట్టాను. రక్తం ధారగా కారి తెల్లచొక్కా తడిసింది. ఇంకోసారి కొట్టబోతే ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు కొట్టినవ్," అని అరిచాను. ఏడేళ్ళు 'మీరు' తప్ప నా నోట్లోంచి ఇంకోమాట రాలేదు. "చపాతీ కర్రతోని కొట్టినవ్. వీపు మీద సుత ఉన్నయ్. విప్పి చూపియ్యాల్నా?"

"గింత మంచిరోజు పిల్ల పెండ్లి ఖరాబ్ చేస్తవా?" అన్నారు అత్తగారు. అన్నది నన్నే. మండపం మీద ఆ పిల్ల తెల్లబోయి చూస్తోంది. దాని పెళ్ళిలో అలా జరిగిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. గ్లాసుతో కొట్టినందుకు మాత్రం లేదు.

ఆటో ఎక్కి నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. లేడీ కానిస్టేబుల్ నా జరీ పని చూసి, "ఫంక్షన్ నుంచి వస్తున్నరా మేడమ్?" అంది. చెయ్యి చూపించాక కుర్చీ లాగి వేసింది. పేరు, ఊరు, పెళ్ళయి ఎన్నేళ్ళయింది, అన్నీ అడిగి రాసుకుంది.

"ఎందుకు కొట్టిండు? కారణమేంది?"

కూర మాడిందని. ఫోన్ ఎత్తలేదని. ఎదురు చెప్పానని. ఏడేళ్ళుగా ప్రతి దెబ్బకూ ఒక కారణం నేనే వెతికిపెట్టాను. అవన్నీ మళ్ళీ నోటిదాకా వచ్చాయి. ఆమె పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తోంది.

"కారణం ఏం లేదమ్మా," అన్నాను. "అట్లనే రాయండి."