గాబ్రియేల్ సమురాయ్‌కి నేను వేసిన రంగు

మొన్న శనివారం పొద్దున తాలింపు వేస్తుంటే వంటింటి గోడ సన్నగా అదిరింది. పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళు గరాజ్ తలుపు ఎత్తి స్పీకర్లు పరీక్షించుకుంటున్నారు. ధబ్, ధబ్‌ధబ్, మధ్యలో ఒక ఖాళీ, మళ్ళీ ధబ్. సింకు పక్కన బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. మెల్‌బోర్న్ శివార్లలో మేముండే పాయింట్ కుక్‌లో ఇళ్ళు ఎంత దగ్గరగా కడతారంటే, పక్కింటివాళ్ళ పాట వినడానికి మనం చెవి ఒగ్గాల్సిన పని లేదు. ఇంకో రోజయితే విసుక్కునేదాన్నే. ఆ రోజు మాత్రం ఆవాలు మాడిపోతున్నా కదలకుండా నిలబడ్డాను. ఆ బీటు మధ్య ఉన్న ఖాళీలో ఒరలోంచి ఒక కత్తి బయటికి రావాలని నా ఒళ్ళు ఎదురుచూసింది. అలా ఎదురుచూడటం నాకు గాబ్రియేల్ నేర్పాడు.

గాబ్రియేల్ టూవూంబా అనే ఊళ్ళో నేను చదువుకునే రోజుల్లో మాకు యానిమేషన్ చెప్పిన ట్యూటర్. దక్షిణ సూడాన్ నుంచి తల్లితో కలిసి కుర్రతనంలోనే ఆస్ట్రేలియా చేరినవాడు. మా క్లాసు తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చేవాడు, అంత పొడుగు. ఆ కొండమీది ఊరి చలికి ఎండాకాలంలో కూడా ఉన్ని టోపీ తీసేవాడు కాదు. నాది చీరాల. మా నాన్నకి అక్కడ ఫోటో స్టూడియో ఉండేది. నేను చదవడానికి వచ్చింది కంప్యూటర్ కోర్సు. అందులో ఒక సబ్జెక్టు మన ఇష్టమొచ్చింది తీసుకోవచ్చంటే, బొమ్మలే కదా, సులువుగా మార్కులొస్తాయని యానిమేషన్ తీసుకున్నాను. ఆ బొమ్మలే నా దుంప తెంచాయి. ఆయన ఇంగ్లీషులో అన్న మాటలు నాకు ఇన్నేళ్ళకి తెలుగులోనే గుర్తున్నాయి కాబట్టి అలాగే రాస్తున్నాను.

మొదటి క్లాసులో ఆయన జపాన్ వాళ్ళు తీసిన ఒక కత్తుల కథ వేశాడు. డీవీడీలు అద్దెకి తెచ్చుకునే రోజులు. తెరమీద పాతకాలపు పల్లె, వాన, చిరిగిన బట్టలతో నడిచొస్తున్న సమురాయ్. వెనకాల మాత్రం వేణువు లేదు, డోలు లేదు. అమెరికాలో నల్లవాళ్ళు కట్టిన హిప్‌హాప్ బీటు. నా నోరు ఊరుకోదు. "సర్, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టుంది" అనే అర్థం వచ్చేలా ఏదో అన్నాను. ఆయన నవ్వి, "నన్ను గాబ్రియేల్ అను చాలు" అన్నాడు. పంతుల్ని పేరుపెట్టి పిలవడం నాకు ఆ ఏడాదంతా చేతకాలేదు. తర్వాత బొమ్మ ఆపి చెప్పాడు. "యజమాని పోయిన కత్తివీరుడికి ఏం మిగులుతుంది? ఒక పేరు, ఒక నడక, ఎదుటివాణ్ణి మాటతో పడగొట్టే నోరు. న్యూయార్క్ వీధుల్లో ఈ సంగీతం పుట్టించిన పిల్లలకి కూడా అంతకుమించి ఏమీ లేదు. జపాన్ వాళ్ళు ఆ చుట్టరికం కనిపెట్టారు."

చీరాలలో మా చర్చిలో క్రిస్మస్‌కి బుర్రకథ చెప్పించేవాళ్ళు. తంబురా భుజానికి తగిలించుకుని, వేళ్ళకి అందెలు మోగిస్తూ, అడుగు ముందుకీ వెనక్కీ వేస్తూ కథకుడు దావీదు కథ చెబుతుంటే, పక్కనున్న హాస్యగాడు మధ్యలో దూరి మునిసిపాలిటీ కుళాయిల మీద జోకులు వేసేవాడు. ఆ క్లాసు మర్నాడు గాబ్రియేల్‌కి అది చెప్పాను. ఆయన కుర్చీ ముందుకి లాక్కుని, "చేసి చూపించు" అన్నాడు. నాకొచ్చిన రెండు ముక్కలు బల్లమీద దరువేసి చూపించాను. నా జన్మలో అంత శ్రద్ధగా నన్ను విన్న పెద్దమనిషి అంతకుముందు లేడు.

ఆ జపాన్ బొమ్మలంటే ఆయనకి ప్రాణం. అయినా వాటిని ఏకిపారేసేవాడు. ఒకరోజు ఒక దృశ్యం ఆపి అందులో ఉన్న ఒకే ఒక్క నల్లమనిషిని చూపించాడు. లావు పెదాలు, తెల్లగుడ్లు, నవ్వించడానికి పెట్టిన వేషం. "బీటు మావాళ్ళది. నడక మావాళ్ళది. జుట్టు కూడా మావాళ్ళదే. మనిషిని మాత్రం గుమ్మం బయట నిలబెట్టారు" అన్నాడు. మీరు అమెరికా వాళ్ళు కాదు కదా అని అడిగాను. "ఇక్కడ బస్సెక్కినప్పుడు ఆ తేడా నన్ను ఎవరూ అడగరు" అన్నాడు. ఆ మాట నేను నోట్సులో రాసుకున్నాను. పరీక్షలో కూడా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మార్కులొస్తే అర్థమైనట్టేనని నమ్మే బుద్ధి నాది అప్పట్లో.

ఆయన మూడేళ్ళుగా సొంతంగా ఒక చిన్న సినిమా గీస్తున్నాడు. ఆరు నిమిషాలది. పాతకాలపు జపాన్‌లో ఒక నల్ల సమురాయ్ ఒంటరిగా ఒక ఊరికి వస్తాడు. ఊరివాళ్ళు తలుపులు వేసుకుంటారు. ఆఖరికి టోపీ ఎత్తి ముఖం చూపిస్తాడు. అంతే కథ. పాట వాళ్ళ చర్చి కుర్రాళ్ళు కట్టారు. కాగితంమీద పెన్సిలుతో గీసిన బొమ్మలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి రంగులు వేయాలి. నా అసైన్‌మెంటు చూసి, "నీకు రంగు తెలుసు. ఈ పని చేస్తావా?" అని అడిగాడు. ఎగిరి గంతేశాను. కంప్యూటర్ కోడ్ రాస్తూ బతకడం నావల్ల కాదని అప్పటికే తెలిసిపోయింది. రంగులు వేసి బతకాలని ఉంది. ఈ సినిమాలో నా పేరు పడితే నాకు దారి దొరుకుతుంది, చెడగొడితే ఆయన మూడేళ్ళూ నా దారీ కలిసి మునుగుతాయి.

నేను అద్దెకున్నది శాంతి ఆంటీ ఇంట్లో. తెనాలావిడ, పెద్దాసుపత్రిలో నర్సు. సంగతి విని చపాతీ పిండి కలుపుతూ ఆగింది.

"ఆ సుడాన్ వాళ్ళతో మనకెందుకమ్మా కరుణా? యూనీ అయ్యాక స్ట్రెయిట్‌గా ఇంటికొచ్చెయ్. మనవాళ్ళెవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"ఆయన కూడా చర్చికెళ్తారు ఆంటీ."

"ఐ నో వెళ్తారని. నేను చర్చి గురించా మాట్లాడేది?"

ఆంటీ నాకంటే ఒక చాయ నలుపు. నేను లోపల నవ్వుకున్నాను. పాపం పాతకాలం మనిషి, నాలాగా చదువుకోలేదు అనుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు నెలలు పనిచేశాను. మొదటి పది బొమ్మలకీ ఆయనే రంగు వేసి ఇచ్చాడు. ఒక్కో కొత్త బొమ్మకీ దాని ముందు బొమ్మలోంచి రంగు తీసుకునేదాన్ని. చీకటి దృశ్యం కదా, ముఖం సరిగ్గా ఆనడం లేదు కదా అని రవ్వంత వెలుతురు కలిపేదాన్ని. ఒక మధ్యాహ్నం గాబ్రియేల్ కదలికలు బీటుతో కలిశాయో లేదో చూద్దామని ముఖ్యమైన బొమ్మలన్నీ చిన్నగా ప్రింటు తీసి గదిలో గోడపొడవునా వరసగా అతికించాడు. నేను వెళ్ళేసరికి చేతులు కట్టుకుని గోడముందు నిలబడి ఉన్నాడు.

"ఇక్కడి నుంచి ఆ చివరిదాకా నడువు" అన్నాడు.

నడిచాను. మొదట్లో ఆ సమురాయ్ వేయించిన చింతగింజ రంగులో ఉన్నాడు. నాలుగడుగులు వేసేసరికి బెల్లం పాకం అయ్యాడు. గోడ చివర, టోపీ ఎత్తి ముఖం చూపించే చోట, పాలెక్కువైన టీ రంగుకొచ్చి నిలబడ్డాడు.

"ముఖం కనిపించట్లేదని కొంచెం బ్రైట్ చేశాను సర్."

"చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"అదే నాకు భయం వేస్తోంది" అన్నాడు.

ఆయన అరిచి ఉంటే బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, నేను చెప్పేదాకా ఆగాడు. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. మా నాన్న స్టూడియోలో టచింగ్ అనే పని ఉంటుంది. ఫోటోకి దిగినవాళ్ళు వెళ్ళేముందు కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి "కొంచెం కలర్ తీసుకురా అన్నా" అంటారు. అనకపోయినా నాన్న తెస్తాడు, అది మర్యాద. పదో తరగతి నుంచి సెలవుల్లో ఆ టచింగ్ నేనే చేశాను. ముఖం కనబడగానే చెయ్యి దానంతటదే తెలుపు వైపు పోతుంది. నా హాల్‌టికెట్ ఫోటోకీ నేనే చేసుకున్నాను. పరీక్ష రోజు ఇన్విజిలేటర్ ఫోటోనీ నన్నూ మార్చిమార్చి చూసి, "మీ చెల్లెలిదా అమ్మా ఇది?" అని అడిగాడు. ఈ ముక్క ఎక్కడ చెప్పినా జనం నవ్వుతారు, నేనూ నవ్వుతూనే చెబుతాను. గాబ్రియేల్ నవ్వలేదు.

జపాన్ వాళ్ళ గురించి ఆయన అన్నమాట నాకు అప్పుడు తలకెక్కింది. బీటు ఉంచాను, నడక ఉంచాను, కత్తి ఉంచాను. మనిషిని నేనే బయటికి నెట్టాను. అదీ ఆయనకి మంచి చేస్తున్నాననుకుంటూ. ఊరి లైబ్రరీ హాల్లో సినిమా వేయడానికి మూడు వారాలే ఉన్నాయి. పని నా చేతిలోంచి తీసేసుకుంటాడని సంచీ భుజానికి తగిలించుకుని లేచాను.

"కూర్చో" అన్నాడు. "ఇంకొకరికి ఇస్తే నా సినిమా బాగుపడుతుంది. నీ చెయ్యి బాగుపడదు. మొత్తం మళ్ళీ నువ్వే వెయ్యి."

తర్వాత నన్ను బయటికి, ఎండలోకి తీసుకెళ్ళాడు. ఇటుక గోడ పక్కన నిలబడి ఉన్ని టోపీ తీశాడు. ఆయన నెత్తి చూడటం అదే మొదటిసారి. "నలుపు ఎక్కడుందో చూపించు" అన్నాడు. మనిషి ముఖంలోకి అలా తేరిపార చూడటం మన పెంపకంలో లేదు. మొహమాటపడుతూనే చూశాను. నుదుటిమీద ఆకాశం నీలంగా ఉంది. దవడ కింద ఇటుకల ఎరుపు. చెంప ఎముకమీద రాగిచెంబు తోమినట్టు ఒక మెరుపు. నేను వెతికిన నలుపు ఒక్కచోట కూడా ఒంటరిగా లేదు. "చీకట్లో ముఖం కనబడకపోతే పక్కన ఒక లాంతరు పెట్టు. వెలుగు మార్చు, మనిషిని మార్చకు" అన్నాడు. ఆ తర్వాత నా చొక్కా చేతి వైపు చూపించి, "ఇప్పుడు నీది చూడు" అన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముంజేతిని ఎండలో పెట్టి చూసుకున్నాను. ఇరవై రెండేళ్ళు వచ్చాక నా రంగు నేను చూడటం అదే మొదలు.

ఆ మూడు వారాలూ తిండీ తిప్పలూ మానేసి కూర్చున్నాను. మధ్యలో నాన్నకి ఫోన్ చేసి, టచింగ్ ఎందుకు చేస్తాం నాన్నా అని అడిగాను. "మనం చెయ్యకపోతే పక్క స్టూడియోకి పోతారు తల్లీ" అన్నాడు. మళ్ళీ తనే, "ఉన్నదున్నట్టు ఇవ్వమని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు" అన్నాడు. నాన్నమీద కోపం రాలేదు. ఆయన గొంతులో ఎప్పుడూ వినని దిగులు వినబడింది.

సినిమా వేసిన శనివారం మధ్యాహ్నం బస్సు లేకపోతే శాంతి ఆంటీయే కారులో దించింది. దించి వెళ్ళిపోతానన్న మనిషి, "సర్లే, వచ్చానుగా" అంటూ వచ్చి వెనక వరసలో కూర్చుంది. హాలు నిండా సూడాన్ కుటుంబాలు, యూనివర్సిటీ వాళ్ళు కొందరు. దీపాలు ఆర్పారు. బీటు మొదలైంది. సమురాయ్ వానలో నడిచాడు, ఒక్కొక్క తలుపూ మూసుకుంది. ఆఖరికి బీటు ఆగింది. ఆ ఖాళీలో సమురాయ్ లాంతరు పక్కన నిలబడి టోపీ ఎత్తాడు. చింతగింజ రంగు ముఖం, చెంపమీద రాగి మెరుపు. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. నా పేరు తెరమీద పడినప్పుడు నేను చూడలేదు. జనం ముఖాలు చూస్తూ ఉండిపోయాను. బయటికొచ్చాక ఆంటీ నా పక్కకొచ్చి ఎవరూ వినకుండా, "హీరో బాగున్నాడే" అంది.

అప్పుడు గాబ్రియేల్ వాళ్ళమ్మని నా దగ్గరికి తీసుకొచ్చాడు. పొడుగాటి ముసలావిడ, ఆవిడకి ఇంగ్లీషు రాదు. "రంగు వేసింది ఈ అమ్మాయే" అని ఆయన చెప్పాడు. ఆవిడ నా చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అంది. ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.

"మా మేనమామ ఉండేవాడు. యుద్ధంలో విడిపోయాం, ఏమయ్యాడో తెలియదు. ఒక్క ఫోటో కూడా లేదు. తెరమీద సమురాయ్ టోపీ ఎత్తగానే, మా తమ్ముడే అనుకున్నాను అంటోంది."

నేను ఆవిడ చేతులు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. మూడు వారాల కిందటి రంగే తెరమీద ఉండుంటే ఆవిడ ఎవరో పరాయివాణ్ణి చూసి ఇంటికి వెళ్ళిపోయేది.

తర్వాత ఏడాదికి నేను మెల్‌బోర్న్ వచ్చేశాను. ఇన్నేళ్ళుగా రంగులే నా వృత్తి. నా చెయ్యి మారిపోయిందని చెబితే అబద్ధం, ఈరోజుకీ ముఖం కనబడితే అది తెలుపు వైపే కదులుతుంది. అప్పుడు చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంటాను. ఈ మనిషికి ఎక్కడో ఒక అక్క ఉంటుంది, చీకటి హాల్లో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది అనుకుంటాను. ఆవిడ గుర్తుపట్టాలి కదా అనుకుని, అప్పుడు రంగు కలుపుతాను.