శుక్రవారం ప్రార్థన, మేడ మీద పోర్షను

ఆ రోజుల్లో మా పెద్దమ్మ ఇంట్లో మొహం మీద చెప్పలేని సంగతులన్నీ దేవుడికి చెప్పేవాళ్లం. శుక్రవారం సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మోకాళ్ల మీద ఉండి వరసగా ఒక్కొక్కరం మాట్లాడాలి. ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్లు కళ్లు మూసుకోవాలి, మధ్యలో అడ్డు రాకూడదు, చివర్న అందరూ ఆమెన్ అనాలి. “ప్రభువా, ఈయన సేత ఖైనీ మానిపించు” అని పెద్దమ్మ అంటే పెదనాన్న (ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు, నోట్లో అప్పటికీ ఖైనీ) కూడా ఆమెన్ అని, తన వంతు రాగానే చేపల పులుసులో ఉప్పు గురించి విన్నవించుకునేవాడు. కాపురం అలా సాఫీగా సాగిపోయేది.

నేను రుషికొండలో కొత్తగా ఉద్యోగంలో చేరి వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. మనసు మాత్రం మద్దిలపాలెంలో గది తీసుకుని స్టాటిస్టిక్స్ చదివే ఒక టాంజానియా కుర్రాడి దగ్గర ఉండేది. మా వీధి అతన్ని చూడగానే ఆటగాడని తీర్మానించి ‘ఫుట్‌బాల్’ అని పేరు పెట్టింది (బంతి దొర్లుకుంటూ వస్తే పక్కకు తప్పుకునే మనిషి). ఇంట్లోవాళ్లకి అతను నా ఫ్రెండు, అంతే. ఆ వానాకాలం అతని ఇంటి ఓనరుకి ఉన్నట్టుండి బంధువులు పుట్టుకొచ్చి, గది ఖాళీ చెయ్యమన్నాడు. తర్వాత అడిగిన ప్రతి ఇంటికీ బంధువులే వస్తున్నారు. ఇల్లు దొరక్కపోతే చదువు వదిలి వెనక్కి వెళ్లిపోవడమే. మా మేడ మీద పోర్షను ఖాళీగా ఉంది. అడిగితే పెద్దమ్మ, “అది నీకూ నీ పెళ్లానికీరా” అంది. ఆ పెళ్లాం కోసం ఆవిడ ప్రతి శుక్రవారం ప్రార్థించేది. నేనూ మర్యాదగా ఆమెన్ అనేవాణ్ణి.

ఆ శుక్రవారం నా వంతు వచ్చింది. “ప్రభువా, పెద్దమ్మ అడుగుతున్న పిల్లని ఇంకెవరికైనా ఇచ్చెయ్. నాకు ఆడపిల్లతో పెళ్లి వద్దు. నాకు ఇష్టమైన మనిషి ఫుట్‌బాలే. ఆ పోర్షను మా ఇద్దరికీ ఇప్పించు.”

అక్కడ ఆమెన్ అనాలి. అంటే అందరూ కళ్లు తెరుస్తారు. అందుకని ఆపలేదు. హార్బరు నుంచి వేటకెళ్లిన పడవలకీ, వాటి ఇంజన్లకీ, వలలకీ ప్రార్థించాను. దేశదేశాల ప్రధానుల దాకా వచ్చేసరికి పెదనాన్న మోకాళ్లు ఓడిపోయి, తనే ఆమెన్ అనేశాడు. అలవాటు కొద్దీ పెద్దమ్మా అంది. అన్నాక కళ్లు తెరవలేదు. తర్వాతి వంతు ఆవిడది.

“ప్రభువా, ఈడు సెప్పింది నాకు మింగుడు పడ్డం లేదు. సంఘంలో ఏటంటారో నాకు తెలుసు. ఆ పిల్లోడు మన సంఘం కాదు, ఆర్సీయం కేథలిక్ అని కూడా విన్నాను, అదీ నీకే వొదిలేత్తన్నాను. కానీ ఈ వానల్లో ఆడెక్కడికెల్తాడు? నాను తలుపు మూసేత్తే నువ్వు నా మాటేటి వింటావు? మేడ మీద కుళాయి కారతంది. పొద్దున్నే ఈయన బాగుసేత్తాడు.”

పెదనాన్న బుద్ధిగా ఆమెన్ అన్నాడు.

ఆ తర్వాత చాన్నాళ్లు పెద్దమ్మ నాతో దేవుడి ద్వారానే మాట్లాడింది. ఫుట్‌బాల్‌తో మాత్రం నేరుగా, మనసులో ఉన్నదంతా మాట్లాడేది (అతనికి అప్పటికి తెలుగు రాదు).

ఇప్పుడతనికి తెలుగొచ్చింది, ఇక్కడే ఉద్యోగమూ వచ్చింది. నాకు బట్టతల వస్తోంది. శుక్రవారం నాడు పెద్దమ్మ ఇప్పటికీ “ఈడికి మంచి పిల్ల...” అని మొదలెట్టి, గొంతు సవరించుకుని, “ఆ పిల్లోడికి వీసా” అని దిద్దుకుంటుంది. దేవుడు సర్దుకుంటున్నట్టే ఉన్నాడు. నేను మాత్రం మూసిన కళ్ల వెనక, కళ్లు తెరవడానికి భయపడి సముద్రం మీదున్న పడవలన్నిటినీ అడ్డం పెట్టుకున్న అప్పటి నన్ను చూసి నవ్వుకుంటాను. ఆ వానాకాలం అవన్నీ క్షేమంగా ఒడ్డుకొచ్చే ఉంటాయి. అంత గట్టిగా నేను మళ్లీ ఎవరి కోసమూ ప్రార్థించలేదు.