మా తాళాల అన్నకు తెరవని గేటు

అన్న పోయిండని నాకు మరైగూడ సంతలో తెలిసింది. తాడుకు తాళాలు గుచ్చి, కింద గొళ్లేలు, మేకులు పరుస్తుంటే ఫోనొచ్చింది. జగదల్‌పూర్‌ల అన్న గోదాం గుమాస్తా. "సేఠ్ లేడు దీదీ. గేటు తెరవలే" అన్నడు. అంతే, ఏడుస్తున్నడు. గేటేంది, అన్న లేకపోవుడేంది, నాకేం అర్థం కాలే. పక్కన చీపుర్లమ్మే ఆమె నీళ్లిచ్చి కూసోబెట్టింది. తర్వాత సంగతంతా తెలిసింది. తెలిసినప్పటి నుంచి నాకు ఏడుపు తక్కువ, మంట ఎక్కువ. అందుకే ఇది రాస్తున్న. తప్పులుంటే సర్దుకోండ్రి, అంగట్ల కూసోని ఫోన్ల కొడుతున్న.

తెలియనోళ్లకు చెప్త. నాది కుంట ఊర్ల చిన్న హార్డ్‌వేర్ దుకాణం. భేజ్జి, మరైగూడ సంతలకు సరుకు నేనే మోసుకపోత. మా దిక్కు ఏ పెట్టెకు, ఏ తలుపుకు తాళం కనబడ్డా అది చానామట్టుకు అన్న గోదాం నుంచి వచ్చిందే. తాళాలు, గొళ్లేలు, షట్టర్ లాకులు, ఇప్పుడిప్పుడు కెమెరాలు గూడ, అన్నీ హోల్‌సేల్. అందరికీ ఆయన తాళాల సేఠ్. నాకు అన్న. ఆయనకు నేను చెల్లె.

నేను మొదటిసారి సరుకు కోసం జగదల్‌పూర్ పోయిన నాడు మూడు దుకాణాలోళ్లు "మీ ఆయన్ని పంపమ్మా" అన్నరు. అన్న ఒక్కడే స్టూలు జరిపి "మీ సంతల ఏం తాళం అడుగుతరు చెల్లె?" అన్నడు. తెలుగు ఇని నాకు పానం లేచొచ్చింది. వాళ్ల నాయిన బచేలి ఇనుప గనిల పనిచేసిండు. అన్న పుట్టి పెరిగింది ఆ కంపెనీ క్వార్టర్లల్లనే. గోదాంల హిందీ, ఇంట్ల తెలుగు, హమాలీలతోటి హల్బీ. ఎవలొస్తె వాళ్ల మాటలకొచ్చేటోడు.

ఆయనకు చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉండేది. దాంతోటి రాసుడు నేనెన్నడు చూడలే. తాళం బిర్రుగుంటె బ్లేడుతోటి పెన్సిల్ ముల్లు గీకి ఆ నల్లపొడి చాబీ రంధ్రంల పోసేటోడు. "నూనె పొయ్యకు చెల్లె. నూనెకు దుమ్ము అంటుకుంటది. మా బచేలిల ఎర్రదుమ్ము తాళాలనే తినేది" అనేటోడు. నేను గూడ అట్లనే చేస్త. భేజ్జిల ఒగ తాత చూసి "తాళానికి కాటిక పెడుతున్నవేంది బిడ్డా, పెండ్లికి తోలుతవా?" అన్నడు. అన్నకు చెప్తె కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్విండు.

ఇంగో అలవాటుండె. డబ్బల నుంచి ఒక్కో తాళం తీసి, దానికున్న అన్ని చాబీలతోటి తెరిచి చూపించేటోడు. ఎంత గిరాకీ ఉన్నా సరే. "మూస్తదా లేదా అని అందరు చూస్తరు. తెరుస్తదా లేదా అని నువ్వు చూడు" అనేటోడు. ఎనక నిలబడ్డోళ్లు గొణిగేటోళ్లు. గొణగనీ అనేటోడు.

ఇగ పెద్ద తాళం, గేటు తాళం ఎవలన్న అడిగితే ముందు ఒకటే ప్రశ్న. "లోపల ఎవరుంటరు?" సరుకుంటదంటే ఇచ్చేటోడు. మనుషులుంటరంటే బయట నుంచి ఏసే తాళం ఇయ్యకపోయేది. లోపల నుంచి చేత్తోటి తీసేది చూపెట్టేటోడు. వద్దంటె "అయితే వేరే దుకాణం చూస్కోండ్రి" అనేటోడు, మెల్లగనే. ఒకసారి ఏదో హాస్టలుకని ఎవలో వచ్చిండ్రు, పిల్లల గదులకు బయట నుంచి ఏసే తాళాలు గావాల్నట. పెద్ద ఆర్డరు. అన్న చాయ్ తాపిచ్చి పంపిండు, తాళాలు మాత్రం ఇయ్యలే. నాకు ఆ అడుగుడు అలవాటైపోయింది. సంతల ఒగాయన్ను అడిగిన, లోపల ఎవరుంటరని. "లోపల ఇప్పపువ్వు ఉంటది. బయట మా బావమర్ది ఉంటడు. అందుకే తాళం" అన్నడు. ఇచ్చిన.

ఇప్పుడు గేటు సంగతికొస్త.

అన్న గోదాం ఉన్నది ఒక కాంప్లెక్సుల. ముందట సన్నటి గల్లీ, నిండ మోటరుసైకిళ్లు. ఎనక పెద్దగేటు, బండ్లు వచ్చేది పోయేది అండ్లకెళ్లే. బయటోళ్లు మధ్యాహ్నం కార్లు తెచ్చి లోపల పెడుతున్నరని, దుకాణాల కమిటీ అన్నం యాళ్లకు ఎనక గేటు బంద్ పెట్టుడు షురూ చేసింది. తాళం ఒకటి, చాబీ ఒకటి, అది చౌకీదారు జేబుల. ఆ తాళం గూడ అన్న ఇయ్యలే. ఇయ్యనంటె రాయపూర్ నుంచి తెప్పిచ్చుకున్నరు.

ఆ తాళం పెట్టిన నాడు నేను గోదాంలనే ఉన్న, సరుకు కట్టిస్తున్న. అన్న కమిటీ అధ్యక్షునితోటి చెప్పిండు. "అన్నం యాళ్లకు లోపల మనుషులుంటరు భాయ్‌సాబ్. ఒక్క చాబీ ఒక్కని జేబుల పెడితె ఎట్ల? ఇంకోటి గేటు పక్క దుకాణంల పెట్టుండ్రి." అధ్యక్షుడు ఏమన్నడు ఎరికేనా? "తాళాలమ్మి బతికేటోడివి, తాళమంటె నీకు గింత భయమేంది సేఠ్?" అందరు నవ్విండ్రు. అన్న గూడ నవ్విండు. నాకు ఇప్పటికీ ఆ నవ్వు మీదనే కోపం. ఎందుకు నవ్వినవన్నా? నా మీద, గుమాస్తా మీద మాట పడితె లేచేటోడివి. నీ మీద పడితె నవ్వి ఊకున్నవ్. ఆనాడు గల్లా పెట్టె మీద చెయ్యి కొట్టి అడిగుంటె ఏమైతుండె?

అన్న పోయిన నాడు అన్నం తిని కూసున్నడట, ఛాతిల నొప్పి అన్నడు. గుమాస్తా అంబులెన్సుకు ఫోన్ చేసిండు. బండి జల్దీనే వచ్చింది, ఆ మాట చెప్పాలె. వచ్చి ఎనక గేటు బయట ఆగింది. గేటుకు తాళం. చౌకీదారు లేడు. అధ్యక్షుని ఇంటికి గ్యాస్ సిలిండర్ మొయ్యనీకి పోయిండు, చాబీ జేబుల ఏస్కోని. ఫోన్ చేస్తె ఎత్తలే, రెండు చేతులతోటి సిలిండర్ పట్టుకున్నడంట. గుమాస్తా సుత్తె తెచ్చి తాళాన్ని కొట్టిండు. పగల్లే. బయట డ్రైవరు హారన్ కొడుతుండు, లోపల అన్న గోడకు ఒరిగి ఉన్నడు. ఆఖరికి సరుకు మోసే చేతిబండి మీద పండబెట్టి ముందటి గల్లీల నుంచి తోసిండ్రు. ఒక్కో మోటరుసైకిలు జరుపుకుంట. రోడ్డు మీదికొచ్చేసరికి అన్న పలకలే.

డాక్టరు "జర ముందు తెస్తే" అని ఆగిపోయిండంట. ముందు తెస్తె బతికేటోడని నేను చెప్పలేను. కానీ ముందు తెచ్చే దారైతె ఉండె. దానికి తాళమేసిండ్రు.

పెద్దకర్మ అయినంక కాంప్లెక్సుల శోకసభ అన్నరు. పొద్దున బస్సెక్కి పోయిన. సుక్మా, బీజాపూర్ దిక్కు చిల్లర దుకాణాలోళ్లు చానమంది వచ్చిండ్రు. నిలువెత్తు ఫ్లెక్సీ కట్టిండ్రు, అన్న ఫొటో కన్న కమిటీ ఫొటోలు పెద్దగున్నయ్. అధ్యక్షుడు మైకు పట్టుకున్నడు. మంచోడు, మెత్తనోడు, అందరి మనిషి అన్నడు. "సమయం వచ్చింది, ఎవరాపుతరు" అన్నడు.

నాకు ఆగలే. లేచి నిలబడ్డ. "సమయం కాదు సార్, అంబులెన్సు వచ్చింది. దాన్నయితె ఆపిండ్రు" అన్న. నేను హిందీలనే చెప్పిన, అందరికీ అర్థం కావాల్నని.

"బహెన్‌జీ, ఇది ఆ మాటలకు టైం కాదు."

"ఏది టైం? ఇంకొకడు పడ్డంకనా?"

"తాళం సంగతి మీటింగ్‌ల పెడుతం."

"మీటింగ్‌ల పెడితె ఆనాటి లెక్కనే నవ్వుతరు" అన్నడు ఎనక నుంచి బీజాపూర్ వ్యాపారి ఒకాయన. ఆయనకు గూడ అన్ననే సరుకిచ్చేది. "గేటు తెరిచి ఉంటనే మా బండి ఈడికొస్తది. లేకుంటె ఈ కాంప్లెక్సుల ఒక్క మేకు గూడ కొనం" అన్నడు. మా చిల్లరోళ్లు ఒక్కొక్కలు లేచిండ్రు. అధ్యక్షుడు కూసోండ్రి కూసోండ్రి అంటనే ఉన్నడు. మాటలు పెరిగినయ్, ఒకలది ఒకలకు ఇనబడ్తలేదు.

గప్పుడు వదిన లేచింది. ముందు వరుసల కుర్సీల కూసున్నది, అప్పటిదాంక తలెత్తలే. నడుసుకుంట చౌకీదారు కాడికి పోయి చెయ్యి చాపింది. వాడు అధ్యక్షుని దిక్కు చూసిండు. "ఆయన్ని చూడకు, నన్ను చూడు" అన్నది. వాడు చాబీ ఇచ్చిండు. వాని మీద నాకు కోపం లేదు, పొమ్మంటె పోయిండు.

అన్నం యాళ్లకు మళ్ల ఏసిన ఎనక గేటు తాళాన్ని వదిన తీసి సంచిల ఏస్కున్నది. రెక్క తోసింది. ఆడ నేల వాలుగున్నది, తోసిన రెక్క మళ్ల మెల్లగ ఎనుకకు వస్తున్నది. ఇంకోసారి తోసింది, మళ్ల వచ్చింది. నేను పట్టుకుంట అని పోయిన. "ఎంతసేపు పట్టుకుంటవమ్మా, వదిలెయ్" అన్నది. గోదాంలకు పోయి సీలు తియ్యని తాళాల పెట్టె ఒకటి పట్టి గుంజుకచ్చింది. గుమాస్తా ఉరికొస్తె చేత్తోనే ఆగుమన్నది. పెట్టె నేల మీద గీస్కుంట వస్తున్నది. వదిన ఆ పెట్టెను గేటు రెక్కకు ఆనిచ్చి, దాని మీద కూసున్నది. బయట రోడ్డు మీద నుంచి ఒక సరుకు బండి ఎనకకు తిప్పుకుంట లోపలికొచ్చింది. ఆమె కాళ్లు దగ్గరికి తీస్కోని దారిచ్చింది.